భూక్యా కుర్చీ

"ఓ సారూ, లేవాలె. అది నా కుర్చీ."

కోటేష్ పుస్తకంలోంచి తలెత్తాడు. ఎదురుగా ఒక అమ్మాయి నిలబడి వానకు తడిసిన చున్నీ పిండుకుంటోంది. పిండుతున్నది చున్నీనే అయినా, చూపు మాత్రం అతని మెడ మీదే ఉంది.

ఖమ్మంలోని ఆ లైబ్రరీలో లోపల సీటు దొరకాలంటే తెల్లారకముందే రావాలి. రాలేనివాళ్ళు ఎవరి ప్లాస్టిక్ కుర్చీ వాళ్ళు తెచ్చుకుని వరండాలో వేసుకుంటారు. సాయంత్రం దాన్ని కిటికీ ఊచలకు సైకిల్ చైన్‌తో కట్టి తాళం వేసి మరీ వెళ్తారు. కోటేష్ అక్కడికి రావడం అదే మొదటిసారి. తాళం తీసి ఖాళీగా కనిపించిన ఒక కుర్చీ వెనక తెల్ల పెయింటుతో తన ఇంటిపేరే రాసి ఉండేసరికి, ఇది మనకోసమే అనుకుని కూర్చున్నాడు.

"పేరు చూసే కూసున్న," అన్నాడు దర్జాగా. "భూక్యా అని రాసున్నది. నేను భూక్యా కోటేష్‌ని."

"ఓహో! లోకంల భూక్యా అంటే నువ్వొక్కనివేనా? ఖమ్మంల ఏ గల్లీకి పోయినా నలుగురు ఉంటరు. రోజూ నేనే కూసుంట దీంట్ల. లే ముందు."

కోటేష్ లేచాడు. ఆమెను చూసిన మొదటి క్షణంలో గుండె గంతేసింది నిజమే కానీ, ఈ మాటతో చతికిలబడింది. లంబాడీల్లో ఇంటిపేరు ఒకటే అయితే అన్నాచెల్లెళ్ళ వరస. తండాలో పుట్టినవాడికి ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంత పెద్ద లైబ్రరీలో ఇంత బాగున్న అమ్మాయి తనకు చెల్లెలే కావాలా అని కాసేపు దేవుణ్ణి తిట్టుకుని, మెట్టు మీద కూర్చుని పుస్తకం తెరిచాడు. తలకిందులుగా తెరిచాడు.

"అట్ల చదివితే జల్దీ ఎక్కుతదా?" అంది ఆ అమ్మాయి.

ఆమె పేరు ప్రమీల. బీఏ ఫైనలియర్. పెనుబల్లి అవతల, అడవి అంచున ఉన్న తండా. కోటేష్ వేరే కాలేజీలో బీఎస్సీ ఫైనలియర్.

"ఏం ప్రిపేర్ అయితున్నవ్?" అని ఆమే అడిగింది.

"గ్రూప్ టూ. గ్రూప్ ఫోర్ కూడా. ఎస్సై పడితే ఎస్సై. రైల్వే, బ్యాంకు..."

"ఆగాగు. గది ప్లాన్ గాదు, టిఫిన్ సెంటర్ బోర్డు. ఇడ్లీ, వడ, దోశ, పూరీ, ఏదడిగితే అది."

"మరి నీదేంది?"

"ఫారెస్ట్ బీట్ ఆఫీసర్."

"ఇంకా?"

"ఇంకా ఏం లేదు. గదొక్కటే."

"అది రాకపోతే?"

"మళ్ళ రాస్త."

ఆ జవాబు చెప్పినప్పుడు ఆమె గడ్డం కొంచెం పైకి లేచింది. కోటేష్‌కి ఆ గడ్డం నచ్చింది. వెంటనే వరస గుర్తొచ్చి, చెల్లెలి పట్టుదల నచ్చింది అని మనసులోనే దిద్దుకున్నాడు.

ఆ రోజు నుంచి మెట్టు అతనిది, కుర్చీ ఆమెది. లెక్కలు అతను చెప్పేవాడు, అడవి సంగతులు ఆమె చెప్పేది. శాతాలు, నిష్పత్తులు ప్రమీలకు ఎప్పుడూ పేచీయే. "ఇప్పపువ్వు ఎండితే ఎంత తూగుతది?" అంటూ మొదలుపెట్టి కోటేష్ శాతాలు చెప్పేసరికి ప్రమీలతో పాటు పక్క కుర్చీలవాళ్ళు కూడా ఇటు జరిగారు. వారం తిరిగేలోగా వరండాలో సగం మంది అతని మెట్టు చుట్టూ చేరారు.

"నువ్వు టీచర్ కావాలె," అంది ప్రమీల.

"టీచరా? తండాల నేను ఎస్సై అయిత అని చెప్పుకుంటున్నరు."

"తండ చెప్తే చేస్తవా? నీకు ఏది చేస్తే నిద్ర పోబుద్ధి గాదో గది చెయ్యి. లెక్కలు చెప్పేటప్పుడు నీ మొకం చూసుకున్నవా ఎప్పుడన్నా? బల్బు ఎలిగినట్టే ఉంటది."

కోటేష్ నవ్వేసి ఊరుకున్నాడు కానీ, ఆ రాత్రి హాస్టల్ అద్దంలో రెండుసార్లు మొకం చూసుకున్నాడు.

రాత పరీక్షలో ప్రమీల గట్టెక్కింది. ఇక మిగిలింది నడక పరీక్ష. అడవిలో తిరగాల్సిన ఉద్యోగం కాబట్టి దూరం గట్టిదే, ఇచ్చే టైము నాలుగు గంటలే. ప్రతి ఉదయం ఆమె సాగర్ కాలువ గట్టు మీద నడిచేది. కోటేష్ పాత సైకిల్ మీద వెనకాలే, ఫోన్‌లో టైము చూస్తూ వచ్చేవాడు. శ్రావణమాసపు వాన ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు ఆగుతుందో దానికే తెలియదు.

"ఆగకు చెల్లె, ఇంకొంచెమే!"

ప్రమీల టక్కున ఆగిపోయింది.

"నన్ను చెల్లె అనకు."

"మరి ఏమనాలె?"

"పేరు లేదా నాకు?"

"ఉన్నది గని, వరస ఉన్నంక..."

"ఏం వరస? కనబడ్డ ఆడపిల్లనల్లా చెల్లె అనుడు ఒక రోగం మీ మగపిల్లలకు!" అని విసురుగా నడిచింది. ఆ రోజు ఆమె టైము ఎన్నడూ లేనంత బాగొచ్చింది. ఎందుకొచ్చిందో కోటేష్‌కి అర్థం కాలేదు. చదువుకున్న పిల్లలకు వరసలు మోటుగా అనిపిస్తాయేమో అనుకున్నాడు.

రాఖీ పున్నమి రోజున అతను చేసిన పని మరీ ఘోరం. ఆమె మర్చిపోయిందేమోనని, తనే ఒక రాఖీ కొని గట్టు మీదికి తెచ్చి, చెయ్యి చాచాడు.

ప్రమీల రాఖీ వైపు చూసింది, చెయ్యి వైపు చూసింది. రాఖీ తీసుకుని, వంగి, సైకిల్ హ్యాండిల్‌కి గట్టిగా ముడేసింది.

"ఇదేంది?"

"నీ సైకిల్‌కు అక్కచెల్లెండ్లు లేరు గదా పాపం. ఇంక నడుద్దామా?"

నడక పరీక్షకు ఇంకా కొద్ది వారాలే ఉన్నాయనగా ప్రమీల లైబ్రరీకి రావడం మానేసింది. కోటేష్ ఫోన్ చేస్తే గొంతు బొంగురుగా పలికింది.

"బాపు ఇంటికి తీసుకొచ్చిండు. నడక పరీక్షకు పోవద్దంటుండు. ఆ యూనిఫాం మా ఇంట్లకు రావద్దంట."

"అవునా? ఎందుకు?"

"నా చిన్నప్పుడు మా పోడు చేనుల ఫారెస్టోళ్ళు ట్రెంచి తవ్విచ్చిన్రు. మొలక మీదున్న జొన్న మొత్తం పోయింది. పట్టా తర్వాత వచ్చింది గని, బాపు మనసులకెల్లి ఆ ట్రెంచి పోలే."

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే కోటేష్ ఓదార్చి ఊరుకునేవాడేమో. ఏడవకుండా ఫోన్ పెట్టేయడం అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు. వరసకు అన్నను, అడిగే హక్కు నాకుంది అనుకున్నాడు. ఇంటిపేరోడు ఇంటికొచ్చి ఆడపిల్ల తరఫున మాట్లాడితే పెద్దలు కూర్చుని వింటారు. అది తండా మర్యాద. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచీ నిండా అరటిపళ్ళు కొనుక్కుని పొద్దున్నే పెనుబల్లి బస్సెక్కాడు. వెళ్తున్నానని ప్రమీలకు మాటమాత్రం చెప్పలేదు.

ప్రమీల తండ్రి వీరన్న వాకిట్లో పారకు పిడి బిగిస్తున్నాడు. పక్కన నులక మంచం మీద నాయనమ్మ కమ్లి కూర్చుని ఉంది. కొత్తవాడు అరటిపళ్ళతో వచ్చాడనేసరికి చుట్టుపక్కల ఇళ్ళ నుంచి నలుగురు పెద్దలు కూడా వచ్చి చేరారు. ప్రమీల గుమ్మంలోకి వచ్చి, కోటేష్‌ను చూసి, అక్కడే రాయిలా నిలబడిపోయింది.

"నమస్తే చిన్నాయనా. నేను భూక్యా కోటేష్‌ని, జూలూరుపాడు దిక్కు. మీ ఇంటిపేరోడినే. ప్రమీల గురించి మాట్లాడదామని వచ్చిన."

వీరన్న పార పక్కన పెట్టాడు.

"భూక్యానా? మేం గుగులోతోళ్ళం గదా."

కోటేష్ నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు.

"మరి... కుర్చీ మీద..."

"ఆ కుర్చీ కవితక్కది!" అంది ప్రమీల, తల పట్టుకుని. "భూక్యా కవిత. నా రూమ్మేట్. కానిస్టేబుల్ కొలువు రాంగనే నాకిచ్చి పోయింది. కొలువొచ్చినోళ్ళ పేరు చెరపొద్దంటరు, కలిసొస్తదని. అందుకే అట్లనే ఉంచిన. అంటే నువ్వు ఇన్ని రోజుల సంది చెల్లె, చెల్లె అని..."

కమ్లి మంచం మీదే ఊగిపోతూ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, అసలు సంగతి పట్టుకుంది.

"ఒరే పిలగా, అన్న అయితే చెల్లె మాట మాట్లాడనీకి వచ్చిండనుకుంటం. గుగులోతు పిల్లకు నువ్వు బావ వరస. బావ వరసోడు పండ్ల సంచి పట్టుకొని, ఇస్త్రీ అంగీ ఏసుకొని, ఒక్కడే వచ్చి 'పిల్ల గురించి మాట్లాడత' అంటే ఏమనుకోవాలె?"

పెద్దలు తలలూపారు. ఏమనుకోవాలో వాళ్ళు అప్పటికే అనుకున్నారు. "జూలూరుపాడు భూక్యాలు మంచోళ్ళే," అన్నాడొకాయన. "పిలగాడు డిగ్రీ చదువుతుండు," అన్నాడు ఇంకొకాయన. అడక్కముందే అరటిపళ్ళు కూడా పంచేశారు.

వీరన్న కోటేష్‌ను పైనుంచి కిందికి చూశాడు. ఆ ముఖంలో బరువు దిగిన కళ కనిపించింది.

"మంచిగైంది," అన్నాడు. "పెండ్లి చేస్త. ఇంక నౌకరి లొల్లి ఉండదు. ఆ నడక పరీక్ష మాట కూడా ఉండదు."

ప్రమీల ముఖం తెల్లబోయింది. ఆమె ఏడాదిగా చదివింది, నెలలుగా నడిచింది. అదంతా ఒక సంచీ అరటిపళ్ళతో కొట్టుకుపోతోంది. ఆమె కోటేష్ వైపు చూసిన చూపులో కోపం కంటే భయమే ఎక్కువుంది.

పది నిమిషాల కిందటి దాకా కోటేష్ ఆశపడటానికే వీల్లేని అమ్మాయిని ఇప్పుడు పిలిచి చేతిలో పెడుతున్నారు. ఊఁ అంటే చాలు. ఆ ఊఁ అతని గొంతు దాకా వచ్చింది కూడా.

"వద్దు మామా," అన్నాడు.

"ఏందీ?"

"పెండ్లి మాట ఇయ్యాల వద్దు. నాకు ప్రమీలంటే ఇష్టమే. మస్తు ఇష్టం. ఇష్టపడొచ్చని ఇప్పుడే తెలిసింది. గని నేను ఇయ్యాల పెండ్లికి అవ్ అంటే ఆమె నౌకరి పోతది. అట్లొచ్చిన పిల్ల నాకొద్దు. ఆమె యూనిఫాం ఏసుకోవాలె. ఏసుకున్నంక నేనే అడుగుత. అది కూడా మిమ్మల్ని గాదు, ఆమెనే అడుగుత."

వీరన్న లేచి నిలబడ్డాడు. "ఇంటికొచ్చి, పిల్లనిస్తమంటే వద్దంటవా? నా బిడ్డకేం తక్కువ?"

"ఏం తక్కువ లేదు మామా. అందుకే వద్దంటున్న."

కమ్లి మళ్ళీ నవ్వింది. "పోరడు పనికొస్తడు," అని లంబాడీలో గొణిగింది.

అప్పుడు ప్రమీల గుమ్మం దిగి వచ్చింది. తండ్రి ముందు నిలబడింది.

"బాపూ, ట్రెంచి తవ్విన రోజు నాయనమ్మ జేసీబీకి అడ్డంగా కూసొని ఏమన్నదో యాదికుందా? పంట కోసుకునే దాకా ఆగమన్నది. లంబాడీల అన్నది. అక్కడున్న సార్లకు ఒక్కళ్ళకూ అర్థం గాలే. అర్థమైతే ఆగేటోళ్ళేమో. నాకు అప్పటి సంది గదే మనసుల ఉన్నది. ఆ యూనిఫాంల వినేటోళ్ళు ఒక్కరన్నా ఉండాలె."

"నిన్ను ఇంకోళ్ళ చేనుల నిలబెడతరు బిడ్డా. వాళ్ళు నిన్ను తిడతరు."

"తిట్టనీ. నేను వింట."

వీరన్న పార తీసుకుని చేను వైపు వెళ్ళిపోయాడు. పెద్దలు అరటి తొక్కలు పారేసి ఒక్కొక్కరే లేచారు.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డ కోటేష్ దగ్గరికి ప్రమీల విసవిసా వచ్చింది.

"నన్ను అడిగినవా, మా ఇంటికి రానీకి?"

"లే."

"నా బతుకు గురించి మా బాపు ఒక్కడు నిర్ణయాలు చేస్తుంటేనే సరిపోతలేదా? నువ్వొకడివి తక్కువైనవా?"

"తప్పైంది. ఇంకోసారి నిన్ను అడగకుండ ఏం చెయ్య."

"పైగా చెల్లె! సైకిల్‌కు రాఖీ కట్టిన రోజన్నా తెలివి రావద్దా?"

"నాకెట్ల తెలుస్తది? నేను సైకిల్ మీద ప్రేమనుకున్న."

ఆమె నవ్వొద్దనుకుంది. కింది పెదవిని పళ్ళతో పట్టి ఆపింది. బస్సు కదిలాక మాత్రం రోడ్డు మీద ఒక్కతే నిలబడి పగలబడి నవ్వింది. వెనక అద్దంలోంచి కోటేష్ చూశాడు.

మర్నాడు తెల్లవారకముందే ఆమె ఫోన్ వచ్చింది. గొంతులో ఆయాసం.

"బాపు లేపిండు. 'ఏదీ, ఎట్ల నడుస్తవో సూపియ్యి' అన్నడు. ముందు తనే నడుస్తుండు. నేను అందుకోలేకపోతున్న!"

వెనక నుంచి వీరన్న కేక వినిపించింది. "ఫోన్ పెట్టు ముందు! గిట్ల నడిస్తే నౌకరి గాదు, పెనుబల్లి బస్సు గూడ దొరకది!"

ఆ తండ్రి ఒప్పుకున్నానని ఎప్పుడూ నోటితో అనలేదు. రోజూ తెల్లవారుజామున కూతుర్ని నడిపించాడు. గట్లెక్కించాడు, బురదలో దించాడు, ఎత్తు ఎక్కేటప్పుడు ఊపిరి ఎలా దాచుకోవాలో చూపించాడు. పరీక్ష రోజున ఆమె కంటే ముందే తయారై, ఉతికిన పంచె కట్టుకుని బస్టాండులో కూర్చున్నాడు.

నడక ముగిసే చోట తాడు కట్టారు. తాడు ఇవతల వీరన్న ఒక పక్క, కోటేష్ ఒక పక్క. ఒక్కొక్క అమ్మాయి వస్తోంది. కొందరు వచ్చి కూలబడుతున్నారు. ఎండ ముదిరింది. ప్రమీల జాడ లేదు.

"టైము ఉన్నదా?" అన్నాడు వీరన్న ఎటో చూస్తూ.

"ఉన్నది మామా."

"మరెందుకు ఆ ఫోన్ అన్నిసార్లు చూస్తున్నవ్?"

అంతలో మలుపు తిరిగి వచ్చింది ప్రమీల. ముఖం కందిపోయింది, జడ ఊడిపోయింది. ఒక కాలు కొంచెం ఈడుస్తోంది, కానీ ఆగడం లేదు. పక్కనే నీరసపడి తూలుతున్న ఇంకో అమ్మాయికి ఏదో చెబుతూ, ఆమెను కూడా హుషారు చేస్తూ వస్తోంది. గడ్డం మాత్రం పైకే ఉంది.

వీరన్న తాడు పట్టుకుని ముందుకు వంగాడు. "దా బిడ్డా! దా! ఎవ్వని కోసం ఆగకు! దా!" అని అరిచాడు. ఎవరో కానిస్టేబుల్ వచ్చి వెనక్కి జరగమంటే, "నా బిడ్డ సార్, గా పిల్ల నా బిడ్డ," అని ఆయనకు చూపించాడు. ఆయనకే కాదు, పక్కనున్న టీ కొట్టువాడికి, ఆటోవాళ్ళకు, చూడని వాళ్ళకు కూడా చూపించాడు. టైముకు ముందే ఆమె తాడు దాటింది. వీరన్న కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

కోటేష్ చప్పట్లు కొట్టి కొట్టి, అరచేతులు మండుతుంటే చూసుకున్నాడు. తను ఏదీ గెలవకుండానే అంత గర్వం కలగడం జీవితంలో అదే మొదటిసారి.

ఉద్యోగం వచ్చింది. ట్రైనింగ్ అయ్యాక పోస్టింగ్ చర్ల వైపు పడింది. "అంత దూరమా? ఆ రోడ్లా? ఆ పోలీసు క్యాంపుల మధ్యనా?" అన్నారు తెలిసినవాళ్ళు. మార్పించుకోమని సలహా ఇచ్చారు. ప్రమీల పెట్టె సర్దుకుంది.

కోటేష్ బీఎస్సీ పూర్తిచేసి ఖమ్మంలోనే బీఈడీలో చేరాడు. ఎస్సై అల్లుడు కావాలనుకున్న ఒకరిద్దరు చుట్టాలు పెదవి విరిచారు. అతను ప్రాక్టీసు క్లాసులో పిల్లలకు భిన్నాలు చెప్పి బయటికొచ్చిన రోజున, తండా ఏమనుకుంటోందో అతనికి గుర్తే రాలేదు.

ఒక ఆదివారం భద్రాచలంలో గోదావరి దాటి, చర్లలో బస్సు దిగి, ఆటోలో గుంతలన్నీ లెక్కపెట్టుకుంటూ ఆమె పనిచేసే ఊరికి చేరాడు. రావచ్చా అని ఈసారి ముందే అడిగి, రమ్మన్నాకే బయలుదేరాడు.

ఖాకీ బట్టల్లో ప్రమీల ఊరి మధ్య, ఆడవాళ్ళతో పాటు నేల మీదే కూర్చుని ఉంది. తునికాకు కట్టలు ఎక్కడ ఆరబెట్టుకోవాలో అని ఏదో తగవు. ఆమె వాళ్ళ కోయ భాషలో మాట్లాడుతోంది. తడబడుతోంది, తప్పులు పోతున్నాయి, వాళ్ళు నవ్వుతూ దిద్దుతున్నారు, ఆమె మళ్ళీ అంటోంది. కోటేష్ దూరంగా నిలబడి ఆ ఖాకీని, ఆ నవ్వును, పైకి లేచిన ఆ గడ్డాన్ని తనివితీరా చూశాడు.

ముత్తక్క అనే పెద్దావిడ అతన్ని చూసి తెలుగులో అడిగింది. "ఎవరమ్మా ఆ పిలగాడు?"

"నన్ను ఒక మాట అడగనీకి వచ్చిండు అక్కా."

"ఏం మాట?"

"ఇంకా అడగలే. ఎప్పుడడుగుతడో!"

ఆడవాళ్ళంతా అతని వైపు తిరిగారు. దారంతా కోటేష్ తయారుచేసుకున్న వాక్యాలు ఆటో గుంతల్లోనే రాలిపోయాయి.

"ప్రమీలా," అన్నాడు. "నన్ను పెండ్లి చేసుకుంటవా?"

"నేను నౌకరి విడిచిపెట్ట."

"విడిస్తే నేనే ఊరుకోను."

"ఇక్కడి నుంచి ట్రాన్స్‌ఫర్ అడగ. భాష ఇప్పుడిప్పుడే వస్తున్నది."

"బీఈడీ అయినంక డీఎస్సీ రాస్త. చర్ల దిక్కే బడి కోరుకుంట."

"అది రాకపోతే?"

"మళ్ళ రాస్త."

ప్రమీల లేచి, ప్యాంటుకంటిన దుమ్ము దులుపుకుంది. టోపీ సర్దుకుంది. కళ్ళు మెరుస్తున్నాయి.

"అవ్," అంది. "చేసుకుంట."

ఆడవాళ్ళు కోయలో ఏదో అని ఒక్కసారిగా నవ్వారు. "ఏమన్నరు?" అని కోటేష్ అడిగితే, "నీకు చెప్పేది గాదు, నేర్చుకో," అంది ప్రమీల, చెవుల దాకా ఎర్రబడి.

ఊరి చివర గుట్ట మీద సిగ్నల్ దొరుకుతుంది. ఇద్దరూ ఎక్కి వీరన్నకు ఫోన్ కలిపారు. కోటేష్ గొంతు సవరించుకుని, "మామా, మీ అనుమతి కోసం..." అని మొదలుపెట్టాడు.

"ఆమె ఏమన్నది?"

"ఒప్పుకున్నది మామా."

"మరి నన్నెందుకు అడుగుతున్నవ్? ఆఫీసర్ ఒప్పుకున్నంక నేనెవన్ని?" అన్నాడు వీరన్న. ఆ తర్వాత ఫోన్ పెట్టేయడం మర్చిపోయి వాకిట్లోకి పరుగెత్తినట్టున్నాడు. తండా మొత్తం వినేలా ఆయన గొంతు గుట్ట మీదికి వచ్చింది.

"వినున్రి! మా ఫారెస్ట్ ఆఫీసర్ పెండ్లికి ఒప్పుకున్నది! అవ్, మా ప్రమీలే! ఆఫీసర్!"

పిల్లవాడెవరని ఎవరో అడిగారు. ఆయన వినిపించుకోలేదు. ఆఫీసర్ అన్న మాటే ఇంకో నాలుగిళ్ళకు చెప్పడానికి వెళ్ళిపోయాడు. ప్రమీల ఫోన్ పట్టుకుని నవ్వుతూ ఏడ్చేసింది. తన పేరు ఎక్కడా రాకపోయినా, కోటేష్‌కి ఆ కేక ఎంత విన్నా చాల్లేదు.